మనసు గట్టి చేసుకోవడం ఎలా అని అడిగిన తమ్ముడికి

మీరు రాసింది రెండుసార్లు చదివాను. వయసు 27, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రెండేళ్ళుగా డిప్రెషన్‌కి మందులు వాడుతున్నారు, ఆరు నెలల కిందట ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, మరుపు, పని మొదలుపెట్టలేకపోవడం లాంటి ఇబ్బందులు చిన్నప్పటి నుంచీ ఉండే మెదడు తీరు) కూడా ఉందని డాక్టర్ చెప్పారు. రెండు ఉద్యోగాలు మధ్యలో వదిలేశారు, మూడోది కూడా చేజారేలా ఉంది. ఇంట్లో "మేం పడని కష్టాలా, కాస్త మనసు గట్టి చేసుకో" అంటున్నారు. ఆ గట్టిదనం ఎలా వస్తుందన్నది మీ ప్రశ్న. సంబంధాలు చూస్తున్నారు, వాళ్ళకి ఈ సంగతి చెప్పాలా వద్దా అన్నది రెండోది. ఈ రెండిటి మధ్యలో, ఎవరూ గమనించకపోయినా పర్లేదన్నట్టుగా, "ఒక్కోసారి లేకుండా పోతే బాగుండు అనిపిస్తుంది" అని ఒక వాక్యం రాశారు.

ముందు ఆ వాక్యం సంగతి. ఆ ఆలోచన నాకూ వచ్చింది, ఒకటి కంటే ఎక్కువసార్లే. అది వచ్చిందని మీరు పిరికివారైపోరు. కానీ మీ డాక్టర్‌కి ఇవే మాటల్లో చెప్పాలి, వచ్చే నెల అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా రేపే ఫోన్ చేసి చెప్పాలి. రాత్రిపూట వస్తే 14416కి చేయండి. టెలి మానస్ అంటారు, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టింది. డబ్బులు పడవు, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఆలోచన "ఎలా", "ఎప్పుడు" అనే దాకా వెళ్తే గదిలో ఒంటరిగా ఉండొద్దు. రూమ్మేట్‌ని నిద్ర లేపండి, దగ్గర్లోని ఆసుపత్రిలో ఎమర్జెన్సీకి వెళ్ళండి. నెలకి సరిపడా మాత్రలు మీ దగ్గరే ఉంటే, నమ్మకమైన వాళ్ళ దగ్గర పెట్టి వారానికి సరిపోయేవి మాత్రమే తెచ్చుకోండి. నేను చాలా ఏళ్ళు అలాగే చేశాను, మా అక్క దగ్గర ఉండేవి.

నేను డాక్టర్‌ని కాను. రాజమండ్రిలో బ్యాంకు ఉద్యోగిని, 46 ఏళ్ళు. 1996లో ఇంటర్ పరీక్షలు రాసి హాస్టల్ నుంచి ఇంటికొచ్చాక మొదటిసారి డిప్రెషన్ వచ్చింది. దానికి అప్పుడు మా ఇంట్లో పేరు లేదు. "చదువు ఒత్తిడికి నీరసపడింది" అన్నారు కొన్నాళ్ళు, ఆ తర్వాత "బద్ధకం" అన్నారు. ఆ బద్ధకం అన్న మాట చిన్నప్పటి నుంచీ నాతోనే ఉంది. లెక్కల పుస్తకం బడిలో మరిచిపోవడం, పాలు పొయ్యి మీద పెట్టి వేరే గదిలో ఏదో చదువుతూ ఉండిపోవడం, తెలిసిన లెక్కలోనే కూడికలో తప్పు చేయడం. అల్లరి చేసేదాన్ని కాదు, కిటికీలోంచి చూస్తూ కూర్చునేదాన్ని. అలాంటి ఆడపిల్లలో ఏడీహెచ్‌డీని ఎవరూ అనుమానించరు. 2018లో మా అబ్బాయికి పదేళ్ళప్పుడు వాడిని పరీక్షించిన డాక్టర్, ప్రశ్నల కాగితం పక్కన పెట్టి "ఇవన్నీ మీకూ ఉండేవా అమ్మా?" అని అడిగారు. నాకప్పుడు 39. ఇంటికి వచ్చే దారంతా ఆటోలో ఏడుస్తూనే ఉన్నాను. బాధతో కాదు, ఇన్నాళ్ళూ నన్ను నేను తిట్టుకున్న తిట్లన్నీ ఒక్కసారి గుర్తొచ్చి.

ఇక మీ ప్రశ్న. మన వాళ్ళు మనసు గట్టి చేసుకోవడం అంటే తట్టుకోవడం అనుకుంటారు. దెబ్బ పడినా చెక్కుచెదరకుండా నిలబడటం. నేను ఆ ప్రయత్నం పాతికేళ్ళు చేశాను. తట్టుకుంటున్నట్టు కనపడటానికే ఒంట్లో ఓపికంతా ఖర్చయ్యేది, తర్వాత ఒక్కసారిగా పడిపోయేదాన్ని. ఇప్పుడు నేను చూసుకునేది తేరుకోవడం. పడకుండా ఉంటానన్న నమ్మకం నాకు లేదు. పడ్డాక లేవడానికి ఎన్ని రోజులు పట్టింది, ఈలోపు ఎంత పోయింది, ఈ రెండూ చూసుకుంటాను. 1996లో మళ్ళీ మామూలుగా తినడానికి, చదవడానికి దాదాపు 14 నెలలు పట్టింది. 2008లో కాన్పు తర్వాత ఎనిమిది నెలలు. 2019లో ఆరు వారాలు. 2021లో నాన్న పోయినప్పుడు మళ్ళీ ఐదు నెలలు పట్టింది. అంటే ఈ లెక్క ప్రతిసారీ తగ్గుతూ పోదు. కానీ ఆ ఐదు నెలల్లోనూ ఉద్యోగం నిలబడింది, పిల్లవాడికి అన్నం అందింది, మందులు ఆగలేదు. 2008లో ఇవేవీ లేవు.

మధ్యలో ఏం మారిందని అడిగితే, నా స్వభావం మారలేదు, నా చుట్టూ ఏర్పాట్లు మారాయి. హవాయి దీవుల్లోని కవాయ్‌లో 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమీ వెర్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన సహచరులతో కలిసి దశాబ్దాల పాటు గమనించారు. పేదరికం, ఇంట్లో గొడవలు, తల్లిదండ్రుల మానసిక జబ్బు ఇలాంటివన్నీ మీదపడ్డ పిల్లల్లో కూడా మూడోవంతు మంది చక్కగా ఎదిగారు. వాళ్ళకి దొరికిన అండల్లో ముఖ్యమైనది, తమను పట్టించుకునే మనిషి కనీసం ఒక్కరు ఉండటం. అమ్మానాన్నలే అయి ఉండక్కర్లేదు, అమ్మమ్మ తాతయ్యలైనా, టీచరైనా సరే. నాకు ఇంకా ధైర్యం ఇచ్చిన సంగతి ఇంకొకటుంది. పద్దెనిమిదేళ్ళప్పుడు చెడిపోయారనుకున్న వాళ్ళలో చాలామంది ముప్పై, నలభై ఏళ్ళకి నిలదొక్కుకున్నారు. మీకు 27 అని మళ్ళీ గుర్తు చేస్తున్నాను.

ఏర్పాట్లు చెప్పే ముందు, నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టిన విషయం ఒకటి. మంచం మీద నుంచి లేవలేకపోవడం బయటికి ఒకేలా ఉంటుంది, లోపల మాత్రం నాకు మూడు రకాలుగా ఉంటుంది. మొదటి రకంలో చేయాలని ఉంటుంది, చేయకపోతే ఏమవుతుందో తెలుసు, గుండె దడదడలాడుతుంది, కానీ మొదలుపెట్టలేను. అదే సమయంలో ఇష్టమైన పని ఎవరైనా చేతికిస్తే లేచి మూడు గంటలు కదలకుండా చేస్తాను. అది నా ఏడీహెచ్‌డీ. రెండో రకంలో ఇష్టమైన పనీ చప్పగా ఉంటుంది. మామిడిపండు తిన్నా రుచి ఉండదు, తెల్లవారుజామున మూడింటికే మెలకువ, పాత తప్పులన్నీ వరసగా వస్తాయి. రెండు వారాలు అలా ఉంటే అది డిప్రెషన్ వస్తున్నట్టు. మూడో రకం, పెళ్ళిళ్ళకో ఆడిట్‌కో వరసగా పదిరోజులు మనుషుల్లో, చప్పుళ్ళలో అందరిలా నవ్వుతూ గడిపాక వచ్చేది. లైటు తీసేసి, ఫోను ఆపి ఒకరోజు ఎవరితోనూ మాట్లాడకుండా ఉంటే తగ్గిపోతుంది. ఆటిజం ఉన్న మా స్నేహితురాలి కూతురికి ఈ మూడోదే ఎక్కువ, రోజులు కాదు వారాలు పడుతుంది.

ఈ తేడా ఎందుకు పట్టుకోవాలంటే, ఒకదానికి పనికొచ్చేది ఇంకోదాన్ని పెంచుతుంది. మొదటి రకానికి పక్కన ఒక మనిషి, దగ్గర్లో గడువు ఉంటే చాలు. రెండో రకంలో ఉన్నవాళ్ళకి గడువు పెడితే ఇంకా కుంగిపోతారు. అప్పుడు డాక్టర్ కావాలి, చాలా చిన్న పనులు కావాలి. మూడోదానికి విశ్రాంతి మందు, కానీ డిప్రెషన్‌లో చీకటి గదిలో పడుకుంటే అది ఇంకా లోతుకి లాగుతుంది. ఇది నన్ను నేను చూసుకుని తెలుసుకున్నది, మీది వేరేలా ఉండొచ్చు. రెండు నెలలు రాసి చూసుకోండి, రోజుకి ఒక్క గీత చాలు. ఆ కాగితం డాక్టర్‌కి చూపిస్తే పదినిమిషాల అపాయింట్‌మెంట్ విలువ పెరుగుతుంది. ఇంకో మాట: నిద్ర లేకపోయినా అలసట తెలియకుండా, మాటలు పరుగెడుతూ, డబ్బు ఎడాపెడా ఖర్చు పెట్టిన రోజులు ఎప్పుడైనా ఉంటే అది తప్పకుండా చెప్పండి. బైపోలార్ (ఉత్సాహం మితిమీరే రోజులు, కుంగిపోయే రోజులు మారిమారి వచ్చే జబ్బు) ఉన్నవాళ్ళకి డిప్రెషన్ మందు ఒక్కటే ఇస్తే ఎదురు తిరగొచ్చు, అందుకే డాక్టర్‌కి ఆ సంగతి ముందే తెలియాలి.

డిప్రెషన్, ఏడీహెచ్‌డీ రెండూ కలిసి ఉన్నవాళ్ళని ఎక్కువగా పడేసేది మరుపు. డిప్రెషన్ మందు పనిచేయడం తెలియడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది, అదీ రోజూ వేసుకుంటే. ఏడీహెచ్‌డీ ఉన్న మనం మూడోరోజు మరిచిపోతాం, వేసుకున్నామో లేదో కూడా గుర్తుండదు. నేను "మందు పనిచేయట్లేదు" అనుకుని మానేసిన రెండుసార్లూ అసలు సరిగ్గా వేసుకోనేలేదని తర్వాత లెక్క చూస్తే తెలిసింది. ఏడు గళ్ళ ప్లాస్టిక్ డబ్బా మందుల షాపులో దొరుకుతుంది. ఆదివారం నింపండి, బ్రష్ పక్కన పెట్టండి. బాగున్నాననిపించాక కూడా కొన్ని నెలలు వాడమంటారు, సొంతంగా ఒక్కసారిగా ఆపొద్దు, ఆపితే తల తిరగడం, చిరాకు, పాత బాధ మళ్ళీ రావడం ఇలాంటివి పడాల్సి రావచ్చు. ఏడీహెచ్‌డీకి మీకు మిథైల్‌ఫెనిడేట్ రాసి ఉంటే, దానిమీద నియంత్రణ ఎక్కువ కాబట్టి అన్ని షాపుల్లో ఉంచరు. పండక్కి ఊరెళ్ళే ముందు స్టాక్ చూసుకోండి, చీటీ అసలు కాగితం వెంట ఉంచుకోండి. అటొమాక్సిటిన్ అయితే దాని ఫలితం తెలియడానికి వారాలు పడుతుంది, మొదటి వారం కడుపులో తిప్పిందని వదిలేయకుండా డాక్టర్‌తో మాట్లాడండి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన ఏర్పాటు. నేను దాన్ని చెడ్డరోజు కాగితం అంటాను. బాగున్న రోజు రాయాలి, ఎందుకంటే చెడ్డరోజు బుర్రకి ఏమీ తోచదు. నాది ఫ్రిజ్ మీద మాగ్నెట్ కింద ఉంటుంది, ఫోనులో ఫోటో ఉంటుంది, మా ఆయన దగ్గర ఒక కాపీ ఉంటుంది. అందులో మొదటిది గుర్తులు: వరసగా మూడు రోజులు తల దువ్వుకోకపోవడం, అక్క ఫోను ఎత్తకపోవడం, అన్నం బదులు బిస్కెట్లు తినడం. ఇవి నాకంటే ముందు ఇంట్లోవాళ్ళకి కనపడతాయి, అందుకే వాళ్ళకీ కాపీ. రెండోది తిండి. కందిపొడి, నెయ్యి, పెరుగు, అటుకులు, ఆవకాయ. పొయ్యి వెలిగించక్కర్లేనివి ఇంట్లో ఎప్పుడూ ఉండాలి. రైస్ కుక్కర్‌లో ఒక గ్లాసు బియ్యం పడేయగలిగితే ఆ పూట గడిచినట్టే. మూడోది డబ్బు: కరెంటు బిల్లు, అద్దె, క్రెడిట్ కార్డు ఆటోమేటిక్‌గా కట్టేలా పెట్టి ఉంచడం. డిప్రెషన్ తగ్గాక ఫైన్లు కట్టుకుంటూ కూర్చోవడం రెండో దెబ్బ. నాలుగోది ఆఫీసుకి పంపే సెలవు మెసేజ్, ముందే టైపు చేసి పెట్టుకున్నది, తేదీ మారిస్తే చాలు. ఐదోది మూడు ఫోను నంబర్లు: డాక్టర్, అక్క, 14416. చివర, రోజుకి మూడే పనులు: మందు, స్నానం, వీధి చివరి దాకా వెళ్ళి రావడం. ఆ నడక మూడ్ వచ్చాక చేద్దామంటే ఎప్పటికీ రాదు. డిప్రెషన్‌లో పని ముందు, ఉత్సాహం వెనక. చికిత్సలో కూడా ఇదొక పద్ధతి, ముందే రాసిపెట్టుకున్న చిన్న పనులు మనసు ఎలా ఉన్నా చేసుకుంటూ పోవడం.

ఈ కాగితంలో "ఏం చేయకూడదు" అని ఒక పెట్టె కూడా ఉంది. మీరు రెండు ఉద్యోగాలూ రాత్రి పదకొండు దాటాక మెయిల్ పంపి వదిలేశానని రాశారు కాబట్టి దీని గురించి ఆగి చెప్తున్నాను. మేనేజర్ అందరి ముందు అన్న ఒక్క మాట మనకి మూడు రోజులు గుచ్చుతూనే ఉంటుంది. మిగతావాళ్ళు సాయంత్రానికి మరిచిపోయే మాట అది. ఆ మంటలో రాజీనామా, బంధుత్వాలు తెంచుకోవడం, పెద్ద మెసేజ్‌లు ఏవీ 72 గంటల దాకా పంపకూడదు. రాయండి, ఎంత కోపంగానైనా రాయండి, పంపే బటన్ లేని నోట్‌బుక్‌లో రాయండి. మూడు రోజులు దాటాక, ఉదయం టిఫిన్ తిన్నాక కూడా అదే అనిపిస్తే అప్పుడు ఆలోచిద్దాం. ఈ పద్ధతి వల్ల నా ఉద్యోగం రెండుసార్లు నిలబడింది.

రోజువారీ చిట్కాలు మీకు ఈపాటికి చాలామంది చెప్పి ఉంటారు: తాళాలకి మేకు, గోడకి పెద్ద గడియారం, పని మొదలవ్వడానికి పక్కన ఒకరు కూర్చోవడం. చదువుకునేటప్పుడు మనం చేసిన కంబైన్డ్ స్టడీస్ అదే కదా. ఇప్పుడు వీడియో కాల్‌లో స్నేహితుడితో చేయొచ్చు. నేను చేర్చేది ఒక్కటే. ఏ పద్ధతైనా మనకి మూడు నాలుగు వారాలు పనిచేసి పాతబడిపోతుంది. అప్పుడు "నేనింతే" అనుకుని కూలబడకుండా, తర్వాతి పద్ధతికి మారండి. నా బీరువాలో సగం రాసిన డైరీలు తొమ్మిది ఉన్నాయి. ఆ తొమ్మిదీ ఒక్కొక్కటి నన్ను ఒక్కో నెల దాటించినవే.

ఆఫీసు సంగతి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో చెప్పిన 21 రకాల్లో ఆటిజం, మానసిక అనారోగ్యం ఉన్నాయి, ఏడీహెచ్‌డీ పేరు విడిగా లేదు. అందుకని మీ మేనేజర్‌కి జబ్బు పేరు చెప్పాలా అన్నది ఆ మనిషిని బట్టి నిర్ణయించుకోండి. పేరు చెప్పకుండానే అడగగలిగినవి చాలా ఉన్నాయి. "నోటితో చెప్పినవి నాకు జారిపోతాయి, మెసేజ్‌లో కూడా పెట్టండి", "పెద్ద పనిని వారం వారం చూద్దాం", "మధ్యాహ్నం రెండు గంటలు హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటాను". ఇలాంటివి చాలామంది కాదనరు. బీమా విషయంలో, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఒంటి జబ్బులకి ఇచ్చినట్టే మానసిక జబ్బులకీ వైద్య బీమా ఇవ్వాలి. అయితే ఆసుపత్రిలో చేరకుండా చూపించుకునే ఖర్చు చాలా పాలసీల్లో రాదు, మీ పాలసీ కాగితం చదవండి. ప్రైవేటు ఫీజులు భారమైతే ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ఉంది, ఇటువైపు వాళ్ళకి విశాఖలో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది. ఎర్రగడ్డ పేరు వినగానే మన సినిమాలు నేర్పిన వెటకారం గుర్తొస్తుంది, నాకు ఆ వెటకారం మీద చాలా కోపం. దాని వల్ల ఎంతమంది ఏళ్ళ తరబడి గుమ్మం తొక్కకుండా ఉండిపోయారో. కౌన్సెలింగ్‌కి వెళ్తే ఆ క్లినికల్ సైకాలజిస్ట్ భారత పునరావాస మండలిలో (ఆర్‌సీఐ, ఈ వృత్తి చేసేవాళ్ళ పేర్లు నమోదు చేసే సంస్థ) నమోదయ్యారో లేదో అడగండి, అడగడం తప్పు కాదు.

అమ్మానాన్నల గురించి. వాళ్ళకి వీడియోలు పంపి ఒప్పించాలని చూడకండి, నేను చూసి అలసిపోయాను. అర్థం చేసుకోమని అడిగే బదులు ఒక పని అప్పజెప్పండి. "అమ్మా, రోజూ ఉదయం ఏడున్నరకి ఫోన్ చేసి మాత్ర వేసుకున్నావా అని ఒక్క మాట అడుగు" అనండి. మా నాన్న చివరిదాకా డిప్రెషన్ అన్న మాట నోటితో అనలేదు. 2008లో నేను మంచం దిగని రోజుల్లో బస్సెక్కి వచ్చి, సాయంత్రం పూట నా గది గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని పేపరు చదువుకునేవారు. ఏమీ అడిగేవారు కాదు. చీకటి పడ్డాక "కాస్త పెరుగన్నం తింటావా అమ్మా" అనేవారు. కవాయ్ పిల్లల గురించి తర్వాతెప్పుడో చదివినప్పుడు నాకు ఆ కుర్చీయే కళ్ళ ముందు కనపడింది. మీ నాన్నకి కూడా ఏం చేయాలో తెలియక ఆ "గట్టి చేసుకో" అన్న మాట అంటున్నారేమో. ఒక కుర్చీ చూపించండి.

ఇక సంబంధాల సంగతి. చెప్పాలి. పెళ్ళిచూపుల రోజే అక్కర్లేదు, ఇద్దరూ మాట్లాడుకోవడం మొదలై ఇష్టం కుదురుతోంది అనిపించినప్పుడు, తాంబూలాలకి ముందు, మీరే స్వయంగా, పెద్దవాళ్ళ ద్వారా కాకుండా చెప్పాలి. నేను 2003లో చెప్పలేదు. చెప్పొద్దని మావాళ్ళు ఒట్టు వేయించుకున్నారు. మాత్రలు వంటింట్లో పసుపు డబ్బా వెనక దాచి, ఎవరూ లేనప్పుడు వేసుకునేదాన్ని. ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండేవారు కాబట్టి వేసుకోని రోజులే ఎక్కువయ్యాయి. మూడో నెలలో పడిపోయాను, డబ్బా బయటపడింది. మా ఆయన ఆ రోజు జబ్బు గురించి ఏమీ అనలేదు. "మూడు నెలలు పక్కనే ఉన్నాను, నాతో ఒక్కసారి అనాలనిపించలేదా" అన్నారు. ఆ మాటకి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. చెప్తే ఒకటి రెండు సంబంధాలు పోతాయి, నిజమే. అలా పోయేవాళ్ళ ఇంట్లో మీరు రోజూ మాత్ర దాచుకుని బతకాల్సి వచ్చేది.

డాక్టర్‌కి ఫోన్ చేశాక ఏమన్నారో ఇక్కడ రాయండి. ఈ శనివారం సాయంత్రం ఖాళీగానే ఉంటాను, మీ చెడ్డరోజు కాగితం రాయడానికి పక్కన ఎవరైనా ఉంటే బాగుండు అనిపిస్తే చెప్పండి, ఇద్దరం కలిసి రాద్దాం. నాది కూడా పాతబడింది, ఈ ఏడాది ఇంకా మార్చలేదు.